బుజ్జి పెళ్లికి హాలు

ఆ ఊళ్లో పెళ్లి కుదిరితే జనం ముందు తేదీ అనుకునేవాళ్లు కాదు. హాలాయన దగ్గరికి వెళ్లి ఎప్పుడు ఖాళీ ఉందో కనుక్కుని, దాన్ని బట్టి తేదీ పెట్టుకునేవాళ్లు. హాలంటే అంత హాలు మరి. బస్టాండు వెనక వీధిలో రెండంతస్తుల తెల్ల భవనం, కింద భోజనాల గది, పైన వేదిక. గోడ మీద చిన్న మరక కనిపిస్తే చాలు, ఆయన తన చొక్కా కొసతోనే తుడిచేసేవాడు. ముందు గుమ్మం ఆయనది, వెనక గుమ్మం ఆయన భార్యది. వచ్చినవాళ్లని పలకరించడం, పోయేవాళ్లని సాగనంపడం ఆయన వంతు. కుర్చీలూ పూలూ వంటవాళ్లూ, విరిగిన కుళాయిలూ, అలిగిన పెళ్లికూతుళ్లూ ఆవిడ వంతు. ఊరంతా ఆవిడని హాలమ్మ అనేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆవిడ, "హాలు ఆయనది, అమ్మ నేను. ఎవరికి ఎక్కువ చాకిరీయో మీరే చెప్పండి" అని నవ్వేది.

ఆ దంపతులకి పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా పెరిగింది బుజ్జి. హాలమ్మకి ఆఖరి తోబుట్టువు. తల్లి పోయాక చెయ్యి పట్టుకుని అక్క వెంట వచ్చేసినప్పుడు బుజ్జి ఇంకా నిక్కర్లేసుకునే కుర్రాడు. బావ మెడ మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి పేకాడేవారు, కలిసి హాలమ్మ చేత తిట్లు తినేవారు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని పెద్దలు ఊరికే అనలేదని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆ బుజ్జే ఒకరోజు అక్కనీ బావనీ కూర్చోబెట్టి, తను లోపల ఎప్పుడూ ఆడపిల్లనేననీ ఇక బయట కూడా అలాగే బతుకుతాననీ చెప్పింది. పేరు మాత్రం మార్చుకోలేదు. బుజ్జి అన్నది మగపేరూ కాదు, ఆడపేరూ కాదు, ముద్దుపేరు. "ఆ ఒక్క శ్రమైనా తప్పింది" అంది హాలమ్మ, ఏడుస్తూనే నవ్వి. నిన్నటిదాకా 'వాడు' అన్న నోటితో 'అది' అనడానికి ఆవిడకీ కొన్నాళ్లు పట్టింది. పట్టింది గానీ పట్టుబడింది. ఆయన మాత్రం ఆ పూట పట్టిన మూగనోము వదల్లేదు. బుజ్జి ఇల్లు వదిలి వేరే గది తీసుకుంటే ఆపలేదు. సైకిళ్ల దుకాణం పెట్టుకుంటే చూడ్డానికి వెళ్లలేదు. ఆ దుకాణం గది ఖాళీ చెయ్యమని, 'నీలాంటివాళ్లకి అద్దెకివ్వం' అని గది యజమాని సామానంతా వీధిలో పడేసినప్పుడు కూడా ఆయన పేపరు మడత విప్పి చదువుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు పేపరు తలకిందులుగా ఉందన్న సంగతి హాలమ్మ ఒక్కతే గమనించింది.

బుజ్జి పడిపోయే రకం కాదు. వంతెన కింద ఒక మూల గది చూసుకుని మళ్లీ పానాలూ పంపులూ సర్దుకుంది. ఎదురుగా బేకరీ. బేకరీ అతను ఆరునూరైనా ప్రతి ఉదయం సైకిలు తీసుకుని వచ్చేవాడు. గాలి తగ్గిందనేవాడు, బ్రేకు పట్టట్లేదనేవాడు, గంట మోగట్లేదనేవాడు. అంత మంచి సైకిలుకి అన్ని జబ్బులేమిటా అని బుజ్జి కొన్నాళ్లు ఆశ్చర్యపోయి, తర్వాత సిగ్గుపడి, ఆ తర్వాత పెళ్లికి ఒప్పుకుంది.

పెళ్లి బావ హాల్లో చేసుకోవాలని బుజ్జి కోరిక. నల్లబడ్డ గోళ్లు రుద్ది రుద్ది కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని ఒక ఆదివారం అడగడానికి వచ్చింది.

"బావా, నా పెళ్లికి హాలు కావాలి."

"ఆ రోజు ఖాళీ లేదు" అన్నాడాయన కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఏ రోజో నేనింకా చెప్పలేదు బావా."

ఆయన లేచి కిటికీ రెక్కలు మూశాడు. బుజ్జి అక్క ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం హాలమ్మ మొగుడికి అన్నం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి కౌన్సిల్ ఒక కొత్త రూలు తెస్తున్నట్టు ప్రకటించింది. ఆడవాళ్లు ఆడవాళ్లని ప్రేమించారనో, మగవాళ్లు మగవాళ్లని ప్రేమించారనో, ఒకలా పుట్టి ఇంకోలా బతుకుతున్నారనో ఎవరికీ ఇల్లు కాదనకూడదు, కొట్టు కాదనకూడదు, ఉద్యోగం కాదనకూడదు, హాలు కాదనకూడదు. కాదంటే జరిమానా. ఊళ్లో కొందరు చప్పట్లు కొట్టారు. వ్యాపారులు కొందరు నిప్పు తొక్కినట్టు లేచారు. లేచి నేరుగా హాలుకి వచ్చారు, ఎందుకంటే కూర్చోవడానికి అన్ని కుర్చీలు ఇంకెక్కడా లేవు.

"ఇవాళ హాలంటారు, రేపు మన వంటింట్లోకి వస్తారు" అన్నాడు లాడ్జి యజమాని.

"మనం కట్టుకున్నదాన్ని ఎవరికివ్వాలో వాళ్లా చెప్పేది?" అన్నాడు బట్టల కొట్టాయన. "ఉన్న గిరాకీ కాస్తా పోతుంది."

"ఎవరో ఒకరు కౌన్సిల్లో గట్టిగా మాట్లాడాలి. గొంతున్న మనిషి కావాలి."

అందరి కళ్లూ హాలాయన మీద పడ్డాయి. ఆయన గొంతు మైకు లేకపోయినా ఆఖరి వరస దాకా వెళ్తుంది. పైగా ఆయనకి నలుగురు బతిమాలితే కాదనడం చేతకాదు. సరే అన్నాడు.

అప్పట్నించి రోజూ సాయంత్రం ఆ గుంపు రావడం, హాలమ్మ వాళ్లకి టీ కాచి పొయ్యడం. తన పాలూ తన పొడీ తగలేసి, తన చెల్లెలి మీద గుంపుకట్టినవాళ్లకి తనే టీ పొయ్యడం అడకత్తెరలో పోకచెక్క బతుకనిపించింది. ఒకరోజు ఒళ్లు మండి చక్కెర వెయ్యడం మానేసింది. లాడ్జి యజమాని ఒక గుక్క తాగి, "చాలా బాగుందమ్మా, మా ఇంట్లో కూడా షుగరుకి ఇలాగే తాగమంటారు" అన్నాడు. దెబ్బ గురి తప్పింది.

మర్నాడు వంతెన కిందికి వెళ్లింది. బుజ్జి ఒక చక్రాన్ని బోర్లించి కమ్మీలు సరిచేస్తోంది.

"మీటింగులో నువ్వు మాట్లాడవే" అంది హాలమ్మ.

"నేను మాట్లాడితే నా గొడవ నేను చెప్పుకున్నట్టవుతుందక్కా. ఆ మాట మా వాళ్లు చాలామంది చెప్తున్నార్లే. కానీ బావకి ఎదురుగా నిలబడి..." బుజ్జి చక్రం తిప్పింది. అది గిర్రున తిరిగింది. "ఆయన మెడ మీద ఎక్కి ఊరు చూశాను నేను. ఆయన్ని నలుగురిలో తగ్గించలేను."

హాలమ్మ చక్రాన్ని చేత్తో ఆపి లేచింది. దారంతా తనలో తనే మాట్లాడుకుంటూ ఇంటికొచ్చింది.

ఇంట్లో ఆయన ఖాళీ హాల్లో వేదికెక్కి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. ఎప్పట్లాగే వినడానికి మనిషి కావాలి. "ఏమే, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. ఆవిడ మొదటి వరసలో కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు. నా చెమట, నా ఇటుక, నా గుమ్మం. విన్నంతసేపూ ఆవిడకి కోపం రావాల్సింది పోయి జాలేసింది. అంత పెద్ద గొంతులో బుజ్జి పేరు ఒక్కసారైనా రాలేదు.

"ఎలా ఉంది?"

"మధ్యలో అరుస్తున్నారు. కాస్త తగ్గించండి. ఆ 'ఖబడ్దార్' తీసెయ్యండి, నాటకంలా ఉంది."

ఆయన బుద్ధిగా తీసేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇంట గెలిచాననే అనుకున్నాడు పాపం.

మీటింగు నాడు ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్లారు. కౌన్సిల్ హాలు కిక్కిరిసి ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం ఎవరికీ తగలట్లేదు. ఒక పక్క వ్యాపారులు, ఒక పక్క రూలు కావాలన్నవాళ్లు. వాళ్లలో బుజ్జి, బేకరీ అతను చెయ్యి చెయ్యి పట్టుకుని వెనక వరసలో ఉన్నారు. మాట్లాడాలనుకున్నవాళ్లు గుమ్మం దగ్గర ఉన్న గుమాస్తాకి చెప్పుకోవాలి. ఆయన చెప్పుకుని వెళ్లి వ్యాపారుల మధ్య కూర్చున్నాడు. వెనకే వచ్చిన హాలమ్మ గుమాస్తా చెవిలో ఏదో చెప్పడం ఆయన చూడలేదు.

ఆయన చక్కగా మాట్లాడాడు. అరవలేదు. ఖబడ్దార్ అనలేదు. వ్యాపారులు బల్లలు చరిచారు. దిగి వచ్చి కూర్చుని రుమాలుతో మొహం తుడుచుకుంటుంటే, భార్య లేచి ముందుకు నడవడం కనిపించింది. తనకి మంచినీళ్లు తెస్తోందనుకుని చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి దాటుకుని మైకు దగ్గరికి వెళ్లింది.

"మీరెవరి తరఫునమ్మా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"మా ఇంటి తరఫునండీ."

"మీ ఇంటి తరఫున ఇప్పుడే మీవారు మాట్లాడారు కదా."

"ఆయన హాలు తరఫున మాట్లాడారు. ఇంటి తరఫున నేను."

రెండు పక్కలా గొల్లున నవ్వారు. హాలమ్మ మైకు కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"మా ఆయన మంచివారు. ఇది ముందు రాసుకోండి. మా హాలు కట్టిన దగ్గర్నించీ ఎంతమంది వచ్చారో లెక్కలేదు. తాగొచ్చి అద్దాలు పగలగొట్టినవాళ్లకి మళ్లీ ఇచ్చాం. విందు మధ్యలో వియ్యంకులు కుర్చీలెత్తి కొట్టుకుంటే, కుర్చీలు బాగుచేయించి వాళ్ల రెండో పిల్లకీ ఇచ్చాం. పెళ్లిలో పెళ్లికూతురి నగలే నొక్కేసిన చుట్టానికి మర్నెల్లో వాళ్లబ్బాయి పుట్టినరోజుకి ఇచ్చాం. ఎవర్నీ నువ్వెవరు, నీ ఇంట్లో ఎలా ఉంటావ్ అని అడగలేదు. అడిగింది మా బుజ్జినొక్కదాన్నే. అది ఎవరి కుర్చీ విరగ్గొట్టలేదు. ఈ ఊళ్లో సగం మంది సైకిళ్లు నడిచేది దాని చేతి చలవే. అది ఎక్కడ అడిగినా తలుపుకి చెయ్యి అడ్డం పెడుతున్నారు. సొంత బావ తలుపు కూడా తెరవలేదు. తలుపు తియ్యమని నేను ఇంట్లో చెప్పాను. వినలేదు. అందుకే మీరు చెప్పండి. మీ మాటకి జరిమానా ఉంది, నా మాటకి లేదు."

మళ్లీ నవ్వులు, ఆ వెనకే చప్పట్లు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. బేకరీ అతనే అయ్యుంటాడు. బుజ్జి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. హాలాయన మొహం కందగడ్డలా అయింది.

ఇంటికి కూడా అదే స్కూటరు. వేరే దారి లేదు. కూరగాయల బజారు దాటారు. సిగ్నలు దగ్గర ఆగాక ఆయన వెనక్కి తిరగకుండా అన్నాడు.

"ఆ నగల సంగతి చెప్పి ఉండాల్సింది కాదు."

"ఎవరి పేరూ చెప్పలేదుగా?"

"ఆ చుట్టం రెండో వరసలో కూర్చున్నాడే! నువ్వు చెప్తుంటే లేచి బయటికి పోయాడు."

హాలమ్మకి నవ్వాగలేదు. ఆపుకోబోయి ఆయన వీపుకి నుదురు ఆనించింది. ఆ వీపు కూడా కదులుతోందని అప్పుడు తెలిసింది. ఆయనా నవ్వుతున్నాడు. సిగ్నలు పచ్చగా మారినా కదలకపోతే వెనక బస్సువాడు హారను కొట్టాడు.

కాస్త దూరం పోయాక ఆయన గొంతు మారింది. "నన్ను నలుగురిలో నిలబెట్టేశావే."

"మీరు దాన్ని గుమ్మంలో నిలబెట్టారు."

ఆయన బండి ఒక పక్కగా ఆపాడు. "నాకు కోపం కాదే. నోరు తిరగట్లేదు. బావమరిదైతే వీపు మీద ఒక్కటి చరిచి, 'ఏరా' అంటాం. మరదలైతే ఆ తీరే వేరు. ఇన్నేళ్లూ వీపు చరిచిన చెయ్యి ఇది. ఏం అనాలో తెలియక ఏమీ అనకుండా ఉండిపోయాను. ఉండిపోయేసరికి అది కోపంలా గడ్డకట్టింది."

"ఏమనాలో దాన్నే అడగొచ్చుగా!"

"అడగడానికి కూడా ముందు ఏదో ఒకటి అనాలి కదే" అన్నాడాయన దీనంగా.

కౌన్సిల్లో ఓట్లు పడ్డ రోజు రూలు నెగ్గింది. పెద్ద తేడాతో కాదు గానీ నెగ్గింది. ఆ సాయంత్రం వంతెన కింద సైకిలు గంటల మోత బజారు దాకా వినిపించింది. మర్నాడు వ్యాపారులు మళ్లీ హాల్లో చేరారు. ఈసారి లాడ్జి యజమాని ఒక ఉపాయంతో వచ్చాడు.

"కాదనకూడదన్నారు, అంతేగా. మనం కాదనం. అలాంటివాళ్లు అడిగినప్పుడు 'మరమ్మతులు జరుగుచున్నవి' అని బోర్డు తగిలిద్దాం. వాళ్లు పోగానే తీసేద్దాం. పాము చావదు, కర్ర విరగదు. మొదటి బోర్డు మీ హాలుకే కట్టాలి. మీరేగా మా పెద్ద."

టీ పళ్లెంతో వస్తున్న హాలమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన తల ఎత్తి పైకప్పు చూశాడు, గోడలు చూశాడు, నేల చూశాడు.

"మరమ్మతులా?" అన్నాడు. "నా హాలుకా? ఎక్కడ పెచ్చూడింది చూపించండి. ఏ కుర్చీ కాలు ఊగుతోంది?"

"అబ్బే, ఊరికే అలా రాయడమే కదండీ..."

"ఊరికే నా హాలు పాడైందని నేనే రాసుకోవాలా? నలుగురు కూర్చుని నా వాదన విన్నారు. ఓడాను. ఓడినవాణ్ణి ఓడానని తిరుగుతాను గానీ దొంగబోర్డు కట్టుకుని తిరగను. టీ తాగి వెళ్లండి."

ఆ రోజు టీలో హాలమ్మ చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసింది. లాడ్జి యజమాని మాత్రం తాగకుండానే వెళ్లిపోయాడు.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, ఆయన చొక్కా మార్చుకుని స్కూటరు తీశాడు. "టైరులో గాలి తగ్గినట్టుంది. వస్తావా?" అన్నాడు. ఊళ్లో స్కూటరుకి గాలి కొట్టేవాళ్లు వీధికొకరున్నారు. ఆయన నేరుగా వంతెన కిందికి పోనిచ్చాడు.

బుజ్జి వాళ్లని చూసి లేచింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి, జుట్టు ముడిలో ఒక స్క్రూడ్రైవరు గుచ్చి ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. కౌన్సిల్లో అదరని మనిషికి ఇక్కడ చెమటలు పట్టాయి.

"హాలు ఖాళీగా ఉంది" అన్నాడు. "ఏ రోజైనా."

"రూలు వచ్చిందనా బావా?"

"అవును. రూలు రాకపోతే ఇచ్చేవాణ్ణి కాదేమో. అబద్ధం చెప్పను. కానీ ఇస్తే సగం సగం ఇవ్వను. పూలు నేనే దగ్గరుండి కట్టిస్తాను."

బుజ్జి వంగి స్కూటరు టైరు నొక్కి చూసింది. "నాకు రూలుతో వచ్చిన హాలు చాలు బావా. హక్కుగా తీసుకుంటాను. మనసు సంగతి తొందర లేదు, మీ వీలు చూసుకుని తెండి."

ఆయన కళ్లు ఒకసారి రెపరెపలాడాయి. తర్వాత మెల్లగా, కొత్త చెప్పుల్లో అడుగేసినట్టు అన్నాడు. "నోరు బాగానే పెరిగింది మరదలా నీకు."

"ఆ నోరు మీ దగ్గర పెరిగిందే కదా!" అంది బుజ్జి. అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే నల్లటి చేత్తో ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. ఇస్త్రీ చొక్కా మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. ఆ మరకని మాత్రం ఆయన తుడవలేదు. ఎదురు బేకరీలోంచి పెళ్లికొడుకు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, ఏమైందో తెలియక, అందరికీ తలా ఒక బన్ను పంచాడు.

పెళ్లి రోజు ఎండ హాయిగా ఉంది. హాలమ్మ తెల్లవారకముందే లేచి కూర్చుంది గానీ ఆవిడకంటే ముందు ఆయన హాలుకి చేరి పూలవాళ్లని పరుగులు పెట్టిస్తున్నాడు. అంతా పద్ధతిగా జరుగుతోందనుకునే వేళకి వీధి చివర గలగల మొదలైంది. బుజ్జి చేత సైకిలు బాగుచేయించుకున్న ఊరంతా సైకిళ్ల మీదే వస్తోంది. పోస్టుమాను, పాలవాళ్లు, బడిపిల్లలు, పంతులమ్మలు, ముందు బుట్టలో మనవరాలిని కూర్చోబెట్టుకున్న ఒక తాతగారు. ప్రతి హ్యాండిలుకీ పూలు, ప్రతి బొటనవేలూ గంట మీదే. అందరి మధ్యలో పెళ్లికూతురు తన సైకిలు తానే తొక్కుకుంటూ, వెనక సీటు మీద పెళ్లికొడుకుని కూర్చోబెట్టుకుని వస్తోంది. అతను ఒక చేత్తో ఆమె నడుమూ ఇంకో చేత్తో కేకు డబ్బా పట్టుకుని, రెండింట్లో ఏది జారినా ప్రాణం పోయినట్టే ఉన్నాడు.

హాలాయన చేతులు గాల్లోకి ఎగిరాయి. "కార్లకి చోటుంది, స్కూటర్లకి చోటుంది, ఇన్ని సైకిళ్లు ఎక్కడ పెట్టను! ఒక మాట ముందు చెప్పొద్దూ?" అంటూనే వీధిలోకి దూకి, సేనాపతిలా అటో వరస ఇటో వరస తీర్చడం మొదలుపెట్టాడు. బట్టల కొట్టాయన కూడా వచ్చాడు. పెళ్లి బట్టలు ఆయన కొట్లోనే కొన్నారు మరి. "గిరాకీ గిరాకీయే కదండీ" అని నసిగితే, "ముందు ఆ సైకిలు పట్టుకోండి" అని ఆయన చేతికి ఒక హ్యాండిలు అందించాడు హాలాయన.

పెళ్లయింది. దండలు మార్చుకుంటుంటే గంటలు మోగాయి, ఉంగరాలు తొడుక్కుంటుంటే గంటలు మోగాయి, కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా గంటలు మోగాయి. భోజనాలయ్యాక కుర్చీలు పక్కకి లాగి డాన్సులు మొదలుపెట్టారు. పెళ్లికొడుకు నాయనమ్మ, చేతికర్ర పక్కన పడేసి, కనిపించినవాళ్లనల్లా లాక్కుని తిప్పుతోంది.

పొద్దుట్నించీ కాలు నిలవని హాలమ్మ వేదిక మెట్టు మీద కూలబడి చెప్పులు విడిచింది. ఆయన ఒక పళ్లెం నిండా వడ్డించుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తిన్నావా?"

"ఎక్కడ? తీరిందా?"

ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారు. ఆయన నోట్లో ముద్ద ఉండగానే చెప్పుకుపోతున్నాడు. "ఇందాక ఇద్దరు అమ్మాయిలు వచ్చి అడిగారు. వచ్చే నెల వాళ్ల పెళ్లట. మన వేదిక మీద సింహాసనాలున్నాయి చూడు, ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. ఇద్దరూ ఎత్తుదే కావాలంటున్నారు. వడ్రంగికి చెప్పి రెండోది చేయించాలి. ఆ పాతకాలం చెక్కడం ఇప్పుడెవరు చేస్తారో ఏమో. రేపు పొద్దున్నే వెళ్లి..."

ఆయన మాట పూర్తి కాలేదు. నాయనమ్మ వచ్చి హాలమ్మ చెయ్యి పట్టుకుని లేపేసింది. "అయ్యో, చెప్పులు, ఎంగిలి చెయ్యి" అంటున్నా వినిపించుకోలేదు. బుజ్జి అవతలి వైపు నుంచి ఇంకో చెయ్యి అందుకుంది. హాలమ్మ నవ్వుతూ, కేకలు పెడుతూ, ఉత్త కాళ్లతో జనంలో కలిసిపోయింది.